హ్యాండ్లర్‌కు ఏమీ చెప్పొద్దు

అడగందే అమ్మైనా పెట్టదంటారు. వెబ్ ఫ్రేమ్‌వర్కుల లోకంలో ఈ సామెత చెల్లదు. ఇక్కడ రిక్వెస్ట్ హ్యాండ్లర్, అంటే సర్వర్‌కు వచ్చే ఒక్కో రిక్వెస్ట్‌కు జవాబిచ్చే కోడ్, నోరు తెరిచి ఎవరినీ ఏమీ అడగదు. టైమౌట్ (ఎదురుచూసే గడువు) ఎంతో, డేటాబేస్ ఎక్కడుందో, అప్‌లోడ్ చేసిన ఫైళ్లు ఏ ఫోల్డర్‌లో పడేయాలో, అన్నీ తనే కనుక్కుంటుంది. సెట్టింగులన్నీ అందరికీ అందేలా గ్లోబల్‌గా పెట్టిన కాన్ఫిగ్ అనే ఫైలును ఇంపోర్ట్ చేసుకుంటుంది, కావాల్సింది తీసుకుంటుంది, చడీచప్పుడు లేకుండా పని చేసుకుపోతుంది. ఇంత పద్ధతిగా సాగుతున్న సంసారాన్ని చెడగొట్టడానికి ఈ మధ్య కొందరు బయల్దేరారు. హ్యాండ్లర్‌కు కావాల్సిన విలువలను పేరుపేరునా దాని చేతికే ఇవ్వాలట! దీన్ని ఖండించడం నా బాధ్యత.

ముందుగా టోర్నడో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌ను తప్పుపట్టాలి. అందులో ఏ యూఆర్ఎల్‌కు ఏ హ్యాండ్లరో చెప్పే రూట్ల పట్టికలో ఒక్కో వరసకు మొదట యూఆర్ఎల్ నమూనా, ఆ తర్వాత హ్యాండ్లర్ క్లాసు రాస్తాం. పెద్దమనుషులం అక్కడితో ఆగిపోతాం. కానీ వాళ్లు ఊరుకోకుండా మూడో చోటు ఒకటి పెట్టారు. అక్కడ ఓ డిక్షనరీ (పేరు, విలువ జతల జాబితా) రాస్తే, అందులోని విలువలన్నీ హ్యాండ్లర్‌లోని ఇనిషియలైజ్ అనే మెథడ్‌కు ఆర్గ్యుమెంట్లుగా వచ్చి చేరతాయి. ఆ మెథడ్ మొదటి లైను చదివితే చాలు, ఈ హ్యాండ్లర్ దేని మీద ఆధారపడి బతుకుతోందో ముక్కూమొహం తెలియనివాడికి కూడా తెలిసిపోతుంది. కోడ్‌కు గుట్టు అక్కర్లేదా?

ఇందులో ఓ మెలిక కూడా ఉంది. టోర్నడోలో ప్రతి రిక్వెస్ట్‌కూ కొత్త హ్యాండ్లర్ పుడుతుంది, ఇనిషియలైజ్ ప్రతిసారీ నడుస్తుంది. కాబట్టి డిక్షనరీలో పేరు తప్పు రాస్తే సర్వర్ చక్కగా లేచి కూర్చుంటుంది, మొదటి రిక్వెస్ట్ వచ్చాక అది టైప్ ఎర్రర్‌తో బోర్లా పడుతుంది. దీన్ని నా వాదనకు వాడుకుందామని సంబరపడ్డాను గానీ, గ్లోబల్ పేరు తప్పు రాసినా ఇంతేనని ఎవరో గుర్తుచేసి పుణ్యం కట్టుకున్నారు. ఇంకో పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగో ఇంకా మొండిది. క్లాసును హ్యాండ్లర్‌గా మార్చే యాజ్ వ్యూ మెథడ్‌కు క్లాసులో లేని పేరు ఇచ్చి చూడండి, ఆ హ్యాండ్లర్‌కు రిక్వెస్ట్ వచ్చేదాకా కూడా ఆగదు, రూట్లు లోడయ్యేటప్పుడే గుమ్మంలో నిలబెట్టి కడిగేస్తుంది.

మా పద్ధతి గొప్పదనం తెలియాలంటే ఒక్క అనుభవం చెప్పాలి. కాన్ఫిగ్‌ను కోడ్ బయట, ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరుండే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెట్టమని, క్లౌడ్ హోస్టింగ్ కంపెనీ హెరోకు వాళ్లు 2011 ప్రాంతంలో రాసిన ట్వెల్వ్ ఫ్యాక్టర్ సూత్రాల్లో ఒకటి చెబుతుంది. పెట్టాం. అక్కణ్నుంచి హ్యాండ్లర్ దాకా ఎలా చేర్చాలన్నది ఎవరి సంస్కారాన్ని బట్టి వాళ్లది. మేం చేర్చలేదు. ఎవరికి కావాల్సినప్పుడు వాళ్లు వెళ్లి చదువుకునేవాళ్లం.

ఇంకో సర్వర్‌ను పిలిచే హ్యాండ్లర్ ఒకటి ఉండేది. ఒక్కో ప్రయత్నానికి టైమౌట్ 5 సెకన్లు, ప్రయత్నాలు 3. మొత్తం ఎంతసేపు ఎదురుచూడాలో తెలియడానికి రెండింటినీ గుణించాం. ఎన్విరాన్‌మెంట్ నుంచి వచ్చేవన్నీ స్ట్రింగులే (అంకెలు కావు, అక్షరాల వరసలు) కదా, 5 కూడా స్ట్రింగే. 3 మాత్రం మేం కోడ్‌లోనే రాసుకున్న అంకె. పైథాన్‌లో స్ట్రింగ్ 5ను 3తో గుణిస్తే 15 రాదు, 555 వస్తుంది. అది కూడా స్ట్రింగే. ఆ తర్వాతి లైన్లలో ఓ బుద్ధిమంతుడు దాన్ని భద్రంగా ఇంటీజర్‌గా మార్చి పెట్టాడు. 15 సెకన్లకు చేతులెత్తేయాల్సిన హ్యాండ్లర్ తొమ్మిది నిమిషాల పదిహేను సెకన్లు తపస్సు చేసింది. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. సర్వర్ లేచేటప్పుడే ఒకచోట అంకెగా మార్చి, ఆ అంకెను హ్యాండ్లర్ చేతికిచ్చి ఉంటే ఇలా జరిగేది కాదని ఒకాయన సెలవిచ్చాడు. నిజమే. కానీ అప్పుడు మాకింత సహనం ఎక్కడ అలవడేది? (డీబగ్‌కు ఫాల్స్ అని స్ట్రింగ్ ఇస్తే, ఖాళీ కాని స్ట్రింగ్ కాబట్టి పైథాన్ దాన్ని నిజమనే నమ్ముతుంది. ఆ కథ ఇప్పుడొద్దు.)

గో భాష వాళ్లు మొదట్లో కాస్త మనవైపే ఉన్నట్టు కనిపించారు. 2016లో 1.7 వెర్షన్‌తో రిక్వెస్ట్‌తో పాటు ప్రయాణించే కాంటెక్స్ట్‌ను స్టాండర్డ్ లైబ్రరీలోకి తెచ్చి ఓ సంచి ఇచ్చారు. ఒక్కో రిక్వెస్ట్‌కు సంబంధించిన డేటానే అందులో వేయండి, ఫంక్షన్లకు ఆప్షనల్ పారామీటర్లు పంపడానికి వాడొద్దు అని డాక్యుమెంటేషన్‌లో రాసి మరీ పెట్టారు. రాసింది చదివే జాతి అయితే మనకీ వృత్తి ఎందుకు? డేటాబేస్ కనెక్షన్, లాగర్, టైమౌట్, అన్నీ ఆ సంచిలోనే కుక్కాం. చెయ్యి పెడితే ఏది తగులుతుందో టైప్ అసర్షన్ (ఇది ఫలానా టైపే అని మనమే చెప్పి తీసుకోవడం) చేసేదాకా తెలియదు. ఓ స్ట్రక్ట్ రాసి, ఇవన్నీ దాని ఫీల్డుల్లో పెట్టి, హ్యాండ్లర్లను దాని మెథడ్లుగా రాసుకోవచ్చు. అలా చేస్తే టైపుల సంగతి కంపైలరే చూసుకుంటుంది. అర్ధరాత్రి ఫోన్లు తగ్గిపోతాయి. ఫోన్లు రాకపోతే మనం సీనియర్లమని నలుగురికీ ఎలా తెలుస్తుంది?

టెస్టుల గురించి కూడా ఏదో అంటున్నారు. గ్లోబల్ కాన్ఫిగ్ ఉంటే ఒక టెస్టు మార్చిన విలువ ఇంకో టెస్టుకు తగులుకుంటుందట, విడిగా నడిపితే పాసై, కలిపి నడిపితే ఫెయిలవుతుందట. మా దగ్గర అలాంటి సమస్యే లేదు. మేం కలిపి నడపం.

పోయిన వారం టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు రివ్యూకు ఓ మార్పు పంపాడు. చూస్తే మూడు లైన్లు. రూట్‌లో మూడో చోట టైమౌట్, హ్యాండ్లర్‌లో ఇనిషియలైజ్, దాని కింద సెల్ఫ్‌లో దాచుకోవడం. ఒళ్లు మండి, ‘టైమౌట్ గ్లోబల్‌లో ఉందిగా, మళ్లీ చేతికివ్వడం దేనికి?’ అని కామెంట్ పెట్టాను.

‘ఏ గ్లోబల్ అన్నా? ఆ పేరుతో నాలుగు ఫైళ్లలో నాలుగున్నాయి’ అన్నాడు.

వెళ్లి చూశాను. విలువలు కూడా నాలుగే. అందులో ఒకటి స్ట్రింగ్. ఆ రివ్యూ ఇంకా నా దగ్గరే పెండింగ్‌లో ఉంది.