మా బావమరిది మూడంగుళాలు ఎదిగాడు

ఎత్తు విషయంలో మన తిరుపతిలో ఎవరూ రాజీపడరు. రోడ్డు వేసేవాళ్లు పాతది తవ్వకుండా దాని మీదే ఇంకో పొర పోస్తారు, పోసిన ప్రతిసారీ మా వీధిలో ఇళ్ల గడపలు ఒక మెట్టు కిందికి దిగుతాయి, వాన పడితే కాలువ నీళ్లు హాల్లోకి వచ్చి పలకరించి పోతాయి. దాంతో ఎదురింటాయన జాకీలు పెట్టించి ఏకంగా ఇల్లే పైకి లేపించాడు. ఇక స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అది 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మా కాలనీవాళ్లు వెడల్పులో సిమెంటు మిగిల్చి ఆ మిగిలినదంతా ఎత్తులో కలిపేశారు. ఏడు కొండలూ స్వామివి కదా, ఎనిమిదోదైనా మన కాలనీకి ఉండాలనుకున్నారేమో.

ఇలాంటి ఊళ్లో ఉంటూ మా బావమరిది ఒక్కడు తన మహీంద్రా జీపు థార్‌ను కంపెనీ ఇచ్చిన ఎత్తులోనే వదిలేస్తే అది పౌరధర్మం అనిపించుకోదు. కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్స్, అదే నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ, 226 మిల్లీమీటర్లు. అంటే లెక్క ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్లు రెండు ఒకదాని మీద ఒకటి పేర్చినా కింద తగలకుండా దాటొచ్చు. "చాలదు బావా" అన్నాడు. ఎందుకు చాలదు అని అడగడం నా తప్పు. "2021 నవంబరు వానలు మర్చిపోయినావా?" అన్నాడు. మర్చిపోలేదు, ఆ రోజు వాడు మా మేడ మీద నా పక్కనే కూర్చుని పకోడీలు తింటున్నాడు.

సరే, పని మొదలైంది. స్ప్రింగుల దగ్గర స్పేసర్లు పెట్టి రెండంగుళాలు లేపారు. దాదాపు 31 అంగుళాలున్న టైర్లు తీసి 33 వేశారు. బిల్లు ఎంతయిందో మా అత్తకు ఇప్పటికీ తెలియదు కాబట్టి ఇక్కడ రాయను. బండి నిజంగానే మూడంగుళాలు లేచింది. వాడు దాని పక్కన నిలబడి ఫోటో దిగితే వాడే మూడంగుళాలు కుంగినట్టు కనిపించాడు, అది వేరే విషయం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. థార్ వెనక చక్రాల మధ్య ఒకే పొడుగాటి ఇరుసు, దాని నడుమ ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ గుండు వేలాడుతూ ఉంటుంది. రాయి తగిలితే ముందు తగిలేది సాధారణంగా దానికే. ఆ ఇరుసు కూర్చునేది చక్రాల మీద, స్ప్రింగుల మీద కాదు. స్ప్రింగు దగ్గర ఎన్ని దిమ్మెలు పెట్టినా లేచేది బాడీ, ఆ గుండు ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే, అది కూడా రెండంగుళాల పెద్ద టైరు వేస్తే అందులో సగం, అంటే ఒక్క అంగుళం. పంచె ఎంత ఎగ్గట్టినా మోకాలు ఉన్నచోటే ఉంటుంది కదా, అట్లా. బాడీ లేస్తే బంపరు గట్టుకు గీసుకోదు, నడుము గుట్టకు తగలదు, ఆ లాభం ఉంది, కాదనను. కానీ మావాడు "మూడంగుళాలు" అని ఊరంతా చాటింది గుండు గురించే.

ఇంతకీ ఆ ఒక్క అంగుళానికి జరిగిన త్యాగాలు చూడండి. పెద్ద టైరు తిప్పడానికి ఇంజిన్ ఆయాసపడుతోంది. స్పీడోమీటరుకు టైరు మారిన సంగతి ఎవరూ చెప్పలేదు, అది 60 చూపిస్తుంటే బండి 64లో పోతోంది. కిలోమీటర్లు కూడా తక్కువే లెక్కేస్తుంది కాబట్టి మైలేజీ నిజంగా పడిపోయింది కొంత, పడిపోయినట్టు కనిపించేది ఇంకొంత. ముందు చక్రాలకు పోయే షాఫ్టులు ఏటవాలుగా తిరిగి తిరిగి వాటి కీలు మీది రబ్బరు తొడుగు చిరిగింది. హెడ్‌లైట్లు దించుకోవడం మర్చిపోయాడు, రాత్రిపూట కపిలతీర్థం రోడ్డులో ఎదురొచ్చే ఆటోవాళ్లు మా వంశం మొత్తాన్నీ తలుచుకుంటున్నారు. తిరుమల నుంచి 1944 నాటి పాత ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు ప్రతి మలుపులోనూ బండి పక్కకు ఒరిగి మమ్మల్ని ఒకరి ఒళ్లో ఒకరిని కూర్చోబెడుతోంది. ఇదివరకు నిర్ణీత సమయం కన్నా ముందే దిగితే కింద ఆపుతారేమోనని మావాడికి టెన్షన్ ఉండేది, ఇప్పుడు ఆ బాధ పూర్తిగా పోయింది.

చట్టం మాట ఎత్తితే వాడికి నచ్చదు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆర్‌సీలో రాసిన వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌తో తేడా పడేలా బండిని మార్చకూడదంటుంది. "మార్చలేదు బావా, కాస్త లేపినాను."

లేపినవాడు పోవడానికి చోటేదీ? చుట్టూ శేషాచలం. అది 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వ్, ఇష్టమొచ్చినట్టు చక్రాలు దించే చోటు కాదు. పైగా మన జిల్లాలో ఎత్తు బండి ఒకటి చీకటిపడే వేళ అడవి అంచున ఆగిందంటే సాహసయాత్ర అని ఎవరూ అనుకోరు, ముందు డిక్కీ తెరిచి దుంగలెక్కడ అని అడుగుతారు. అందుకే ఆరు నెలలుగా ఆ బండి చేసిన ఆఫ్ రోడింగ్ అంతా లీలామహల్ సర్కిల్ దగ్గర టిఫిన్‌కు పోయి, పార్కింగు దొరక్క ఒక చక్రం గట్టు మీదికి ఎక్కించడమే.

పోయిన నెల తిరుచానూరులో అమ్మవారి దర్శనం అయ్యాక వాడికి ధైర్యం వచ్చింది. మా అత్త బండిలోనే ఉంది. ఆమెను ఎక్కించడానికి ఇప్పుడు డిక్కీలో ఒక ముక్కాలిపీట పెట్టుకుని తిరుగుతున్నాం. అలిపిరి నుంచి 3,550 మెట్లు మూడుసార్లు ఎక్కిన మనిషి, "కొండనన్నా ఎక్కినాను గానీ నీ బండి ఎక్కలేకుండా ఉండాను నైనా" అంటుంది. సరే, స్వర్ణముఖి ఇసుకలోకి దించాడు. ఇరవై గజాలు పోయాక నాలుగు చక్రాలూ నాలుగు గుంతలు తవ్వుకుని కూర్చున్నాయి, గుండు ఇసుక మీద హాయిగా వాలింది. వాడు నాలుగు చక్రాలకూ బలమిచ్చే "ఫోర్-లో" గేరు వేశాడు, యాక్సిలరేటరు తొక్కాడు, ఇంకాస్త కుంగాం.

అటుగా వచ్చిన ట్రాక్టరతను దిగి టైర్లు చూసి, "గాలి తియ్యన్నా" అన్నాడు. మావాడు మొహం ఎర్రగా చేసుకున్నాడు, తన గురించేననుకుని. అతను ఇంకేమీ మాట్లాడకుండా పుల్ల తీసుకుని నాలుగు టైర్లలోనూ గాలి సగానికి సగం వదిలేశాడు. టైరు పరుచుకుంటే ఇసుక మీద బరువు పంచుకుంటుందట. చక్రాల ముందు ఇసుక తోశాం, బండి గునుస్తూ గునుస్తూ బయటికి వచ్చింది. స్పేసరూ లేదు, కిట్టూ లేదు, అతను డబ్బులు కూడా తీసుకోలేదు.

గట్టు మీద అత్తను దించి, మళ్లీ ఎక్కించడానికి పీట కోసం డిక్కీ తీస్తున్నాను. చూస్తే ఆమె అప్పటికే పై కమ్మీ పట్టుకుని తనంతట తాను ఎక్కి సీట్లో సర్దుకుంటోంది. బావమరిది గాలి కొట్టించడానికి పెట్రోలు బంకు ఎంత దూరమో ఫోనులో వెతుకుతున్నాడు.

"ఎందుకు నైనా, ఇట్నే ఉండనీ" అంది అత్త.