రచ్చ గెలిచిన చేప

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. జీబ్రా చేప రచ్చ గెలిచి నలభై ఏళ్లు దాటింది. ఇంట మాత్రం ఇప్పటికీ డిపాజిట్టు దక్కలేదు.

దాని పుట్టిల్లు గంగ, బ్రహ్మపుత్రల వైపు వాగులు, వరి పొలాల పక్క కాలువలు. నాలుగు సెంటీమీటర్ల ప్రాణి. పులుసులోకి పనికిరాదు కాబట్టి మనం పట్టించుకోలేదు. ఈస్టిండియా కంపెనీ డాక్టరు ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగ చేపల మీద పుస్తకం వేసి, పోనీలే అని దీన్నీ అందులో ఎక్కించాడు. తర్వాత అమెరికాలో ఓరెగాన్ యూనివర్సిటీకి చెందిన జార్జ్ స్ట్రైసింగర్ దీన్ని పెట్ షాపు నుంచి ల్యాబుకు తెచ్చుకుని, 1981లో క్లోనింగ్ చేసి చూపించాడు. జీఆర్ఈ లేదు, కన్సల్టెన్సీ ఫీజు లేదు, చిలుకూరు బాలాజీకి 108 ప్రదక్షిణలూ లేవు. అయినా సెటిలైపోయింది!

ఫారిన్‌లో సెటిలయ్యాక చుట్టరికాలు బయటపడటం మామూలే. మన జన్యువుల్లో 70 శాతానికి దీనిలో జోడీ ఉందని 2013లో లెక్క తేల్చారు. ఆస్తి పంపకాలప్పుడు సొంత అన్నదమ్ముల్లో కూడా అంత పోలిక కనపడదు. గుండె జఠరికలో అయిదో వంతు కోసేసినా రెండు నెలల్లో మళ్లీ పెంచుకుంటుందని 2002లోనే తెలిసింది. స్టెంట్లు అమ్ముకునేవాళ్లకు ఇంతకన్నా టెన్షన్ ఏముంటుంది? పిండం దశలో ఒళ్లంతా పారదర్శకం. గుండె కొట్టుకోవడం బయటి నుంచే చూడొచ్చు. పెద్దయి చారలొచ్చాక లోపలేముందో తెలియదు. ఎన్నికల్లో గెలిచినవాళ్లను ఇక్కడ ప్రస్తావించడం లేదు.

1999లో సింగపూర్ శాస్త్రవేత్తలు జెల్లీఫిష్ జన్యువు పెట్టి దీన్ని పచ్చగా మెరిపించారు. మురికి నీళ్లలో మెరిసి, ఆ మురికిని పట్టించే చేపను తయారు చెయ్యాలన్నది వాళ్ల ఉద్దేశం. చివరికి మెరిసే చేపలు అమెరికా డ్రాయింగ్ రూముల్లో అలంకారమయ్యాయి. ఆ ఆలోచనేదో పూర్తిగా ఫలించి మూసీలో వదిలి ఉంటే, బతికినంతసేపైనా వీధి దీపాల కరెంటు మిగిలేది.

హైదరాబాద్‌లో కణాల మీద, జన్యువుల మీద పరిశోధనలు చేసే సీసీఎంబీలోనూ జీబ్రా చేపలున్నాయి. ల్యాబు చేపకు ఎక్కడైనా కొత్తల్లుడి మర్యాదలే: వడకట్టిన నీళ్లు, 28 డిగ్రీల వెచ్చదనం, 14 గంటల వెలుతురు, 10 గంటల చీకటి. రసాయనాలు ఎంత విషమో చూడటానికి దీని పిండాల మీద చేసే పరీక్షకు కూడా ఓ పద్ధతుంది. 96 గంటలు గడువు, రోజూ లెక్క రాయడానికి మనిషి. పుట్టింట్లో, చేనుకు కొట్టిన మందు కాలువలోకి దిగిన చోటల్లా, ఆ పరీక్షే సీజనంతా నడుస్తుంది. ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదు, రిపోర్టు రాసే పని అసలే లేదు.