గట్టెక్కిన పడవ

టర్కీలో ఏం చూశావని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది పడవ అడుగు. జర్మనీలో ఉండే మా బావగారు మర్మారిస్‌లో ఓ పాత తెరచాప పడవ కొన్నారు. "కాస్త పెయింట్ కొట్టేసి, ఊళ్లు చూసుకుంటూ గ్రీసు దీవుల దాకా వెళ్లొద్దాం రారా" అంటే ఎగిరి గంతేసి వెళ్లాను. తీరా చూస్తే పడవ నీళ్లలో లేదు. మెరీనా యార్డులో, ఇనప ఊతకోలల మధ్య, మేడంత ఎత్తున నిలబెట్టి ఉంది. మా బస కూడా అందులోనే. లోపల టాయిలెట్ ఉంది గానీ అది సముద్రపు నీళ్లు తోడుకుని పనిచేసే రకం, కింద కంకర తప్ప తోడుకోవడానికేం లేదు. అర్ధరాత్రి టార్చి నోట కరుచుకుని నిచ్చెన దిగేటప్పుడు మనిషికి విదేశీ యాత్ర మీదున్న మోజంతా దిగిపోతుంది.

అడుగున పట్టిన గుల్లలు గీకి, పాత పెయింట్ రుద్ది, కొత్తగా యాంటీఫౌలింగ్ పెయింట్ వేయాలి. గుల్లలూ నాచూ పట్టకుండా అందులో రాగి కలుపుతారు. రుద్దినప్పుడు లేచే నీలం పొడి మాత్రం మనకి బాగానే పడుతుంది, సాయంత్రానికి ఇద్దరం కృష్ణుడి వేషగాళ్లలా తయారయ్యేవాళ్లం.

అక్క పోరు పడలేక మధ్యమధ్యలో ఊరు చూడ్డానికి బయల్దేరితే, బావగారి దారులన్నీ పడవ సామాన్ల కొట్ల మీదుగానే పోయేవి. 1522లో రోడ్స్ దీవి మీదికి దండెత్తినప్పుడు సుల్తాన్ సులేమాన్ మళ్లీ కట్టించిన కోట ఎక్కి, "అన్ని ఓడల్ని ఎలా రెడీ చేయించాడో మహానుభావుడు!" అని ఆశ్చర్యపోయారు. "ఆయనకి బావమరుదులు ఎక్కువమంది ఉండుంటార్లెండి" అంది అక్క. దల్యాన్ అనే ఊళ్లో కొండకి తొలిచిన క్రీ.పూ. 4వ శతాబ్దపు సమాధుల్ని టూరిస్టు పడవలోంచి అందరూ మెడలెత్తి చూస్తుంటే, ఈయన ఒంగి ఆ పడవ ఇంజను చూశారు. అక్కడి బురద స్నానానికి టికెట్టంటే, "యార్డులో ఫ్రీ కదా" అని మమ్మల్ని వెనక్కి లాక్కొచ్చారు.

చివరి కోటు వేసే రోజు అసలు కథ. బావగారు పడవ కింద వెల్లకిలా పడుకుని బ్రష్ ఆడిస్తున్నారు. పైన అక్క, రాత్రి మిగిలిన మిరియాల చారు సింకులో ఒంపేసింది. పడవ సింకుకి డ్రైనేజీ అంటూ వేరే ఉండదు, అడుగు దాకా ఓ గొట్టం, ఓ కన్నం, అంతే. దాని వాల్వు శుభ్రం చేసి తెరిచి వదిలేసింది బావగారే. కేక వినిపించి వెళ్లి చూస్తే తడి పెయింట్ మీద చారల్లే చారు, కళ్లలో మిరియాలు, ముక్కు మీద నీలం. అక్క పైనుంచి తొంగిచూసి, "ఏవండీ, నోట్లోకేం పోలేదు కదా?" అంది. పోయిందని మొహం చూస్తేనే తెలుస్తోంది.

మర్నాడు పొద్దున్నే పడవ దించడానికి క్రేను బుక్ చేసి ఉంది. కడిగి, ఆరబెట్టి, మళ్లీ వేసే టైమెక్కడిది? చారు మటుకు గుడ్డతో తుడిచారు. అంటుకుపోయిన కరివేపాకు ఎంతకీ ఊడకపోతే, భోజనాల దగ్గర ఒక్క రెబ్బ కూడా మిగల్చకుండా ఏరి పక్కన పెట్టే మా బావగారు, దాని మీదుగానే బ్రష్ లాగించేశారు.