సవరణ: ఆ రెస్టారెంట్ గురించి నేను తొందరపడి అన్న మాటలు

నగరంలోని ఒక రెస్టారెంట్ గురించి గత వారం రాస్తూ, వడ్డన కోసం 40 నిమిషాలు కూర్చోబెట్టారని అన్నాను. ఆ రోజు తీసిన ఫోటోల సమయాలు చూసుకుంటే 25 నిమిషాలే. ఆకలి మీద ఉన్నవాడి లెక్క అది.

రెండోది ఇంతకంటే పెద్ద పొరపాటు. కస్టమర్ల రేటింగుల సగటు 3 కాబట్టి ‘ఓ మోస్తరు చోటు’ అని తేల్చేశాను. అభిప్రాయాలను విడివిడిగా చదివితే చాలామంది 5 ఇచ్చారు, లేదా 1 ఇచ్చారు. 3 ఇచ్చినవారు దాదాపు లేరు. మెచ్చుకున్నవారిలో ఎక్కువమంది పనిరోజుల్లో మధ్యాహ్నం వెళ్లినవారు. తిట్టినవారు శని, ఆదివారాల రాత్రుళ్లు వెళ్లినవారు, నాలాగే. అన్ని బల్లల ఆర్డర్లూ ఒక్కసారిగా వంటగది మీద పడితే ఆలస్యం తప్పదు. పైగా ఆ హోరు! చుట్టూ శబ్దం ఎక్కువైతే తీపి, ఉప్పు తక్కువగా తెలుస్తాయని 2011లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. అందుకే ‘వంటలన్నీ చప్పగా ఉన్నాయి’ అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

తినని వంటకాన్ని బిల్లులో చేర్చారన్నది మాత్రం నిజమే. అడిగాకే తీసేశారు.