చూస్తూ నిలబడితే నేరమా?

(నిన్న సాయంత్రం బైపాస్ మలుపులో పాల స్కూటర్‌ని కారు గుద్దేసి పోయింది. పడినవాడి చుట్టూ జనం, చేతుల్లో ఫోన్లు. ఈ రోజు అరుగు మీద దాని గురించే వాదన. ఒకరు రిటైరైన హెడ్ కానిస్టేబుల్ బాబాయ్, ఇంకొకరు లా చదువుతున్న అన్న కూతురు.)

అమ్మాయి: వీడియో తీసినవాళ్లందరి మీదా కేసు పెట్టాలి బాబాయ్. ఫ్రాన్స్‌లో పెడతారు. తనకు ముప్పు లేకుండా కాపాడగలిగీ వదిలేస్తే అక్కడ అయిదేళ్ల జైలు, 75,000 యూరోల జరిమానా దాకా ఉంది. జర్మనీలోనూ నేరమే.

బాబాయ్: పెడతారు సరే, శిక్ష పడుతుందా? 1997లో పారిస్ సొరంగంలో డయానా కారు గుద్దుకున్నప్పుడు ఫొటోలు తీసినవాళ్ల మీద ఆ నేరం కిందా విచారణ జరిగింది. రెండేళ్లకు కొట్టేశారు. యాభై మంది గుమిగూడిన చోట ఎవణ్ణి పట్టుకుంటావమ్మా? ముందు వరసలో ఉన్నవాణ్ణా? రేపట్నించి ఎవడూ ఆగడు. ఆగితేనే కదా కేసు!

అమ్మాయి: ఇప్పుడు ఆగుతున్నది మాత్రం దేనికి? రీల్ కోసం. పాలక్యాన్ దొర్లి పాలు దుమ్ములో కలుస్తుంటే ఒకడు వంగి మరీ దాన్ని వీడియో తీస్తున్నాడు. పక్కనే మనిషి మూలుగుతున్నాడు.

బాబాయ్: వాళ్లేం కఠినాత్ములు కాదమ్మా. భయం. ముట్టుకుంటే సాక్షి అవుతాం, స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ తిరగాలని. అందుకే సాయం చేసేవాళ్లను వేధించకూడదన్న మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. సాయం చేసినవాడు పేరు చెప్పనక్కర్లేదు. మంచి మనసుతో చేసినప్పుడు పొరపాటున ప్రాణం పోయినా సివిల్ కేసూ లేదు, క్రిమినల్ కేసూ లేదు. భయం తీసెయ్, మనిషి తనే ముందుకొస్తాడు.

అమ్మాయి: చట్టం తీసేసిన భయాన్ని సినిమా మళ్లీ ఎక్కిస్తోంది. హీరో రక్తం కారుతున్నవాణ్ణి మోసుకొస్తాడు. డాక్టరేమో ‘ఇది పోలీస్ కేసు, ఎఫ్‌ఐఆర్ ఏదీ?’ అంటాడు. కాలర్ పట్టుకుంటే గానీ స్ట్రెచర్ రాదు. పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పిందిగా, సర్కారు డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు వైద్యం, తర్వాతే లాంఛనాలు అని! ఆ కేసులో స్కూటర్ మనిషిని దగ్గరి ఆస్పత్రి చేర్చుకోక 20 కిలోమీటర్ల అవతలికి పంపితే దారిలోనే పోయాడు.

బాబాయ్: రూల్ ప్రకారం నడిచే డాక్టరుంటే హీరోకి పనేముంది? సీన్ రక్తి కట్టొద్దూ!

అమ్మాయి: అవి చూసి పెరిగినవాళ్లకు కాపాడటమంటే కొట్లాట, మామూలు మనిషి వల్ల కాని పని. అందుకే భయం తీస్తే చాలదు, బాధ్యత పెట్టాలంటున్నా. జైలు వద్దంటే వద్దు. కనీసం 108కి ఫోన్ చెయ్యకపోతే జరిమానా వెయ్యండి. ఫోన్ చేతిలోనే ఉందిగా!

బాబాయ్: అది... కొంచెం ఆలోచించాల్సిందే.

అమ్మాయి: నిన్న తువ్వాలు చుట్టి ఆటో ఎక్కించింది మీరే కదా. ఆస్పత్రిలో పేరు అడిగారా?

బాబాయ్: అడిగారు.

అమ్మాయి: చెప్పారా?

బాబాయ్: 134ఏ ప్రకారం చెప్పనక్కర్లేదు.

అమ్మాయి: సెక్షన్ సంగతి కాదు బాబాయ్. మీకు భయం లేదుగా?

బాబాయ్: ముప్పై ఏళ్లు సాక్షుల్ని వాయిదాలకు తిప్పినవాణ్ణమ్మా. వెనక గేటులోంచి వచ్చేశాను.