ముసలి కుక్క మీద ఒక ఫిర్యాదు

మా కుక్కకు 12 ఏళ్లు. పెద్దవయసులో కాస్త పచ్చని చోట నడుస్తుందని అడవి బాట పట్టిస్తే అది నాకు చేసిన అన్యాయాన్ని ఇక దాచలేను.

నా చేతికి ఒక వాచీ ఉంది. రోజుకు 10,000 అడుగులు వెయ్యకపోతే అది ఊరుకోదు. నిజానికి ఈ అంకె ఏ వైద్యుడూ చీటీ మీద రాసిచ్చింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన, అడుగులు లెక్కపెట్టే ఓ మీటరు పేరు 'మాన్‌పో కేయ్', అంటే పదివేల అడుగుల మీటరు. ఆ పేరుకే మనమంతా కట్టుబడిపోయాం. మా కుక్క మాత్రం ఈ ఒప్పందం మీద వేలిముద్ర వెయ్యలేదట.

ఏర్పాట్లలో నేను లోటు చెయ్యలేదు. మెత్తటి మట్టి, నిండా నీడ, ఎత్తుపల్లాల్లేని బాట చూశాను. కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే పడుతుంది కాబట్టి ముసలిదానికి ఎక్కడం కన్నా దిగడం కష్టం. మెడ మీద లాగుడు పడకుండా ఛాతీకి హార్నెస్ కట్టాను. నీళ్ల సీసా, గిన్నె కూడా మోశాను. ఇంత ముందుచూపున్న నాయకుడి వెనక ఎవరైనా నడుస్తారు. అది నడవలేదు.

మొదటి మోడు దగ్గరే విచారణకు కూర్చుంది. ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు, ఎటు పోయారు? మన ముక్కులో వాసన పట్టే కణాలు 60 లక్షల దాకా ఉంటే, దాని ముక్కులో 20 కోట్ల పైమాటే. అన్ని కోట్లమంది సిబ్బంది ఉన్న ఆఫీసులో ఫైలు కదలడానికి ఎంతసేపు పడుతుందో మీకు వేరే చెప్పాలా? నాలుగు నిమిషాలు నిలబెట్టింది. ఆ నాలుగు నిమిషాల్లో నా వాచీలో పడ్డవి ఆరడుగులు. అవీ దోమల్ని కొట్టినందుకు!

చుట్టు తిరిగొచ్చే బాట ఎంచుకోవడం మాత్రం నా తప్పే, ఒప్పుకుంటాను. సరిగ్గా సగంలో చతికిలబడింది. ముందుకెళ్లినా వెనక్కెళ్లినా అంతే దూరం. పోయిన దారినే తిరిగొచ్చే బాటైతే ఎప్పుడంటే అప్పుడు మళ్లొచ్చు. చివరికి ఆ 22 కిలోల పెద్దమనిషిని ఎత్తుకుని, ఆగాగి మోశాను. అది నా భుజం మీంచి చెట్లను వాసన చూస్తూ వచ్చింది.

ఇంటికొచ్చాక చెవుల లోపల, చంకల్లో, వేళ్ల సందుల్లో పిడుదుల కోసం అరగంట వెతికాను. ఈ చాకిరీ వాచీ లెక్కలోకే రాదు.

వెటర్నరీ డాక్టరుకు మొర పెట్టుకున్నాను. "ఒకేసారి గంట వద్దండీ, రెండు పూటలా పావుగంట చాలు. మర్నాడు పొద్దున కాళ్లు పట్టేసి లేవలేకపోతే ముందురోజు నడక ఎక్కువైనట్టు" అన్నారు. మరి నా అడుగుల సంగతేమిటని అడిగితే, తర్వాతి కుక్కను పిలిచారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మర్నాడు పొద్దున కాళ్లు పట్టేసి లేవలేకపోయాను. నొప్పికి ఐబూప్రోఫెన్ మాత్ర మింగుతుంటే మా కుక్క వచ్చి చేతివైపు ఆశగా చూసింది. ఆ మాత్ర కుక్కలకు విషం, ఇవ్వకూడదు. ఈ ఇంట్లో నా ఒక్కడికే దక్కిన సౌకర్యం అదొక్కటే. అది కాసేపు చూసి, తలుపు దగ్గరికెళ్లి, హార్నెస్ కింద కూర్చుని తోక ఊపింది.