ఇనారి సన్నిధిలో మామగారి చెప్పులు

టోక్యో నగరాన్ని ఎడో అని పిలిచే రోజుల్లో, ఆ ఊళ్ళో ఎటు తిరిగినా కాళ్ళకు తగిలేవి మూడేనని జనం వేళాకోళంగా చెప్పుకునేవారట: ఇసెయా అని పేరు పెట్టుకున్న దుకాణాలు, ఇనారి గుళ్ళు, కుక్కల పెంట. ఇసెయాలు కాలక్రమాన పలచబడ్డాయి. కుక్కల పెంటను ఇప్పుడు వాటి యజమానులే సంచీలో ఎత్తుకుని గంభీరంగా ఇంటికి పట్టుకుపోతున్నారు. ఇనారి గుళ్ళు మాత్రం ఆఫీసు భవనాల సందుల్లోనూ, పెద్ద పెద్ద దుకాణాల డాబాల మీదా ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి. ఇనారి వరి పంటను కాచే దేవత, ఆ దేవతకు దూత నక్క. క్యోటోలోని ఫుషిమి ఇనారి 711వ సంవత్సరంలో వెలసిందని చెబుతారు. దేశం మొత్తం మీద ఇనారి గుళ్ళు 30,000 దాకా ఉంటాయని అంచనా. నక్క తోక తొక్కినవాడికి అదృష్టం పడుతుందని తరతరాలుగా నమ్ముతున్నవాళ్ళం కనుక, నక్కనే కొలువులో పెట్టుకున్న దేవుడున్నాడని విన్న మా మామగారు, ఆ స్వామి దర్శనం కానిదే ఇండియా విమానం ఎక్కేది లేదని భీష్మించుకోవడంలో వింతేమీ లేదు.

మామగారు నీటిపారుదల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేసి ధవళేశ్వరంలో రిటైరయ్యారు. 1986 ఆగస్టులో గోదావరికి మహా వరద వచ్చినప్పుడు, ఏటిగట్టు మీద ఇసుక బస్తాల పక్కన రాత్రిళ్ళు కాపలా కాసిన మనిషి. గట్టు, గండి, రాతి కట్టుబడి అనే మూడు విషయాలు తప్ప ఈ సృష్టిలో మిగతావన్నీ ఆయన దృష్టిలో గుమాస్తా పనులే. మొదట ఆయన ఫుషిమికే వెళదామన్నారు కానీ, క్యోటోకు బుల్లెట్ రైలు టిక్కెట్టు ధరను నేను రూపాయల్లోకి మార్చి చెప్పగానే కాసేపు కళ్ళు మూసుకుని, "ఊళ్ళో ఉన్న స్వామి మాత్రం స్వామి కాడా బాబూ?" అని అడిగారు. ఆ విధంగా త్సుకిజి చేపల బజారు చివర ఉన్న నామియోకే ఇనారి గుడికి ముహూర్తం కుదిరింది.

తెలుగువాళ్ళు బాగానే స్థిరపడిన నిషి-కసాయ్ పేటలో మా కాపురం. అక్కడి నుంచి తోజాయ్ లైను రైలెక్కి, కాయబాచోలో హిబియా లైనుకు మారి, త్సుకిజి స్టేషనులో దిగి పైకి రాగానే, ఎదురుగా మన చైత్యాల ముఖద్వారాన్ని తలపించే రాతి కట్టడం ఒకటి కనిపిస్తుంది. అది త్సుకిజి హొంగన్‌జి అనే బౌద్ధాలయం. పాతది 1923 భూకంపంతో పాటు వచ్చిన మంటల్లో పోగా, భారతదేశం తిరిగి చూసి వచ్చిన ఇతో చూతా అనే వాస్తుశిల్పి గీసిన నమూనాతో 1934లో ఇది పూర్తయింది. మామగారు దాన్ని చూసీ చూడగానే, "వచ్చేశాం" అంటూ ఫుట్‌పాత్ మీదే కుడికాలి చెప్పు విప్పేశారు. ఇది కాదు మామయ్యగారూ, ఇంకా నడవాలి అంటే నొచ్చుకుంటూ మళ్ళీ తొడుక్కున్నారు. ఆయన మనసు ఆ ఉదయమంతా చెప్పులు విప్పే అవకాశం కోసం కాచుకునే ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

నామియోకే ఇనారి గుడి చరిత్రను దారిలోనే చెప్పుకొచ్చాను. 1657లో ఎడో నగరాన్ని సగానికి పైగా బూడిద చేసిన అగ్నిప్రమాదం జరిగింది. ఆ తరువాత ఊరు కొత్తగా కట్టుకోవడానికి చోటు చాలక, ఇప్పుడు త్సుకిజి అంటున్న ప్రాంతంలో సముద్రాన్ని మట్టితో పూడ్చడం మొదలుపెట్టారు. పగలు పోసిన గట్టును అలలు రాత్రికి పట్టుకుపోయేవి. ఎన్నిసార్లు కట్టినా అదే కథ. అలాంటి ఒక రాత్రి, నీటి మీద ఏదో వెలుగుతూ తేలుతూ కనిపించగా, పడవ వేసుకుని వెళ్ళి చూస్తే అది ఇనారి దేవతా స్వరూపమని తేలింది. దానిని తెచ్చి 1659లో గుడి కట్టి పూజలు చేశారనీ, అటుపైన అలలు సద్దుమణిగి గట్టు నిలబడిందనీ స్థలపురాణం. అందుకే ఆ స్వామికి అలలను తప్పించే ఇనారి అని పేరు వచ్చింది.

స్థలపురాణాన్ని మా అత్తగారైతే విని దండం పెట్టి ఊరుకునేవారు. మామగారు మాత్రం దాన్ని ఎస్టిమేటు ఫైలులా తిరగేశారు. "వెలుగు సంగతి అలా ఉంచండి. కట్టుబడికి రాయి ఎక్కణ్ణుంచి తోలారు? గట్టుకు వాలు ఎంత ఇచ్చారు? కాంట్రాక్టరు ఎవరు?" అని వరుసగా అడిగి, నా దగ్గర జవాబు లేదని తేలాక ఆయనే తీర్పు చెప్పారు: "గుడి పూర్తయ్యేసరికి పోటు తగ్గే కాలం వచ్చి ఉంటుంది, పనివాళ్ళకు పని కూడా అలవాటై ఉంటుంది. పేరు స్వామికి వెళ్ళింది. మా శాఖలోనూ అంతే కదా, గండి పూడ్చింది మేము, పేపర్లో ఫొటో మంత్రిగారిది." ఇంత హేతువాదం మాట్లాడిన పెద్దమనిషి, గుడి ముందున్న రాతి తోరణం కనబడగానే, ఎందుకైనా మంచిదన్నట్టు రెండు లెంపలూ వేసుకున్నారు.

ఆ తోరణం మొదట్లోనే ఆయన చెప్పులు విప్పి, మడమలు గోడకు ఆనించి, వేళ్ళు వీధి వైపు ఉండేలా జాగ్రత్తగా సర్దారు. జపానువాళ్ళ సొంత మతమైన షింతో గుళ్ళ ఆవరణలో చెప్పులు విప్పే ఆచారం లేదనీ, అందరూ బూట్లతోనే నిలబడి దండం పెడతారనీ చెప్పి చూశాను. "చెప్పులేసుకుని దేవుడి ఎదుట నిలబడటానికి నేనేమైనా కలెక్టరునా బాబూ?" అన్నారు. ఎవరైనా పట్టుకుపోతే అన్న నా రెండో వాదం, ఈ దేశంలో దొంగలే ఉండరని విమానాశ్రయం నుంచి ఇంటికొచ్చేదాకా నేను చెప్పిన గొప్పల ముందు నిలవలేదు.

లోపల కొళాయి కోసం వెతికారు. చేతులూ నోరూ కడుక్కోవడానికి రాతి తొట్టీ, పొడవాటి కాడల గరిటెలూ ఉన్నాయి. గరిటెడు నీళ్ళతో ఎడమ చెయ్యి, కుడి చెయ్యి అయ్యాక ఆయన చూపు కిందికి పాదాల వైపు జారడం గమనించి, భుజం పట్టుకుని ముందుకు నడిపించాను. రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగి నమస్కరించడం అక్కడి పద్ధతి. మామగారు చప్పట్లతో ఆగకుండా గోత్రం, నక్షత్రం, ఇంటి పేరు, మండలం, జిల్లా, పిన్‌కోడ్ వరకూ పైకే చదివారు. వెనక వరుసలో నిలుచున్న వృద్ధ దంపతులు మంత్రపాఠమనుకుని తలలు వంచి భక్తిగా నిలబడ్డారు. ప్రదక్షిణకు మాత్రం చుట్టూ దారి కనబడలేదు. ఆత్మప్రదక్షిణతో సరిపెట్టారు.

ఇనారి గుడి అంటే నక్కలు స్వాగతం పలుకుతాయనుకున్న మనిషికి అక్కడ ముందు కంటబడేవి సింహాలు. ద్వారానికి రెండు వైపులా రెండు పెద్ద సింహపు తలలను ప్రతిష్ఠించారు. మగ సింహం తల 2.4 మీటర్ల ఎత్తుతో, సుమారు ఒక టన్ను బరువుతో ఉంటుంది. ఎర్రటి ఆడ సింహానికి పళ్ళన్నీ నల్లన; పూర్వం జపాను ముత్తయిదువలు పళ్ళకు నల్లరంగు వేసుకునేవారు, ఇదీ ఆ సంప్రదాయమే. ఆడ సింహపు మందిరంలో బెంజైతెన్ ఉందనీ, ఆవిడ మన సరస్వతీదేవేననీ చెప్పేసరికి మామగారి ముఖం వెలిగింది. నీటి దగ్గర గుడి కట్టి సరస్వతమ్మను పెట్టుకున్నవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారని మెచ్చుకుని, మనవడి ఎంసెట్ గురించి ఇంకో అర్జీ పెట్టుకున్నారు.

అసలు వినోదమంతా పక్కనున్న రాళ్ళ దగ్గర మొదలైంది. త్సుకిజి చేపల బజారు 1935లో మొదలై, 2018 అక్టోబరులో తొయోసుకు తరలిపోయేదాకా ఈ గుడి ఆ బజారువాళ్ళకు ఇలవేల్పుగా ఉండేది. బయటి అంగళ్ళు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. తమ కత్తి కింద పోయిన ప్రాణాలకు శాంతి కలగాలని ఆ వర్తకులు గుడి ఆవరణలో స్మారకశిలలు నిలబెట్టారు: సుషీకి ఒకటి, రొయ్యలకు ఒకటి, అంకో అనే వికారపు చేపకు ఒకటి, బతికున్న చేపలకు ఒకటి. ఇవన్నీ ఒక్కొక్కటే చెబుతుంటే, పుట్టి బుద్ధెరిగి చేప ముట్టని మామగారు, "తిన్నవాళ్ళే తద్దినాలు కూడా పెడుతున్నారన్నమాట! మర్యాదస్తులే" అన్నారు. చివరి రాయి కోడిగుడ్డుది. దాని ముందు ఆయన చాలాసేపు నిలబడిపోయారు. "ఇంకా పుట్టనే లేదు కదా బాబూ, దీనికీ సమాధేనా?" అని అడిగిన గొంతులో వెటకారం లేదు.

ఆ తరువాత తోరణం దగ్గరికొస్తే చెప్పులు లేవు. గోడ ఉంది, మడమలు ఆనించిన చోటుంది, చెప్పులు మాత్రం లేవు. మామగారి ముఖంలో నేను బాధ కోసం వెతికాను, కనిపించింది విజయగర్వం. "దొంగలు లేని దేశమన్నారు!" అని ఆ వీధి అందరికీ వినబడేలా ప్రకటించారు. ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడతో, "అమ్మాయీ, ఇక్కడ కూడా చెప్పులు పోయాయి" అని శుభవార్తలా చెప్పారు. అన్నవరంలో ఒకసారి, ద్వారకా తిరుమలలో ఒకసారి ఆ అనుభవం ఆయనకు ఉంది కనుక, చెప్పులు పోతే పీడ పోయినట్టేనని నమ్ముతారు కనుక, నామియోకే ఇనారి ఆ క్షణాన ఆయన దృష్టిలో నిజమైన క్షేత్రమైంది.

ఈ ఆనందానికి గండి కొట్టింది ఎదురుగా ఆమ్లెట్లు వేసి అమ్ముతున్న పెద్దావిడ. ఆవిడ గరిటె దించి, రెండు చేతులతో చెప్పుల ఆకారం చూపించి, వంగి, ఎత్తుకుని, నడిచి వెళ్ళి అప్పగించినట్టు అభినయించింది. ఎవరో పెద్దమనిషి చెప్పుల జతను చూసి, పాపం ఎవరో పారేసుకున్నారని ప్లాస్టిక్ సంచీలో పెట్టి పోలీసు ఠాణా గదిలో ఇచ్చి వచ్చాడట. వట్టి కాళ్ళతో నిలబడ్డ మామగారి వైపు చూసి ఆవిడ తన కొట్టు వెనక నుంచి గులాబీ రంగు ప్లాస్టిక్ స్లిప్పర్లు తెచ్చి ఇచ్చింది. వాటిలో ఆయన పాదం సగం పట్టింది. మిగతా సగం త్సుకిజి తడి నేల మీద, చేపల నీళ్ళు తగలకుండా గాల్లో తేలుతూ నడిచింది.

ఠాణాలో చెప్పులు బల్ల మీద పారదర్శకమైన సంచీలో, చీటీ కట్టించుకుని కూర్చుని ఉన్నాయి. అయినా ఇవ్వరు, మీవేనని రుజువు చెప్పాలి. రంగు, కొలత, ప్రత్యేక లక్షణాలు అడిగితే, కుడి చెప్పు బొటనవేలి ఉంగరానికి రాజమండ్రిలో నీలం దారంతో కుట్టు వేయించానని మామగారు చెప్పారు. ఆ యువ పోలీసు సంచీని వెలుతురుకు ఎత్తి పట్టి కుట్టును పరీక్షించి, తృప్తిగా తలాడించాడు. తరువాత విలువ ఎంతని అడిగాడు. 450 రూపాయలు. జపాను చట్టం ప్రకారం దొరికిన వస్తువును అప్పగించినవాడు దాని విలువలో 5 నుంచి 20 శాతం వరకు ప్రతిఫలం కోరవచ్చు; మూడు నెలల్లో సొంతదారు రాకపోతే ఆ వస్తువే అతనికి దక్కవచ్చు. అంటే ఆ పెద్దమనిషికి గరిష్ఠంగా 90 రూపాయలు రావలసి ఉండగా, ఆయన ప్రతిఫలమూ వద్దని, పేరూ చెప్పవద్దని రాసిచ్చి వెళ్ళిపోయాడట.

ఇంతలో ఫారంలో పోగొట్టుకున్న స్థలం అనే గడి దగ్గర పని ఆగింది. "నేను పోగొట్టుకోలేదు, విడిచిపెట్టాను. రెంటికీ తేడా ఉంది. రికార్డులో తప్పు రాయనివ్వను" అని మామగారు కలం కింద పెట్టేశారు. నా అనువాదం విన్న పోలీసు కాసేపు ఆలోచించి, వేరే కాగితం తీసి, దైవదర్శనం నిమిత్తం స్వచ్ఛందంగా విడిచిన పాదరక్షలు అని వివరంగా రాసుకున్నాడు. కింద మామగారు తెలుగులో సంతకం పెట్టి, రిటైర్డ్ అసిస్టెంట్ ఇంజనీరు అని హోదా చేర్చి, ఒక నకలు కూడా అడిగి పుచ్చుకున్నారు.

చివరిగా పోలీసు చాలా వినయంగా, గుళ్ళ ముందు ఇలా చెప్పులు విడిచే అలవాటు ఉన్నవారు మీకు తెలిసినవాళ్ళలో ఇంకెవరైనా ఈ మధ్య టోక్యో రాబోతున్నారా అని అడిగాడు. మామగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "మా వియ్యంకుడుగారు దంపతులు వచ్చే నెల దిగుతున్నారు. చెప్పు కొలతలు కూడా ఇస్తాం, రాసుకోమనండి బాబూ."